ఎలాగూ వెళ్ళిపోతాం కదా

ఓక్‌లాండ్ కొలీజియం అందంగా ఉంటుందని అన్నవాళ్ళని నేనింతవరకూ చూడలేదు. దాన్ని ప్రాణంగా ప్రేమించినవాళ్ళు కూడా ఆ మాట అనరు. అదొక గుండ్రటి కాంక్రీటు గిన్నె. ఒక పక్క 880 ఫ్రీవే, ఇంకో పక్క రైలు పట్టాలు, మిగతా అంతా పార్కింగ్. బార్ట్ రైలు దిగి, రెండు వైపులా ఇనప వల బిగించిన పొడుగాటి వంతెన మీద నడిచి లోపలికి వెళ్ళాలి. ఆట ఉన్న రోజు ఆ వంతెన మీద చిన్న బళ్ళు పెట్టుకుని హాట్‌డాగ్‌లు, నీళ్ళ సీసాలు అమ్ముతుంటారు. లోపల పది డాలర్లు పెట్టి కొనేది బయట సగానికే వస్తుంది కాబట్టి తెలిసినవాళ్ళంతా అక్కడే కొనుక్కుని వెళ్తారు.

నేనుండేది ఫ్రీమాంట్‌లో. సాయంత్రం పార్కుకి వెళ్తే ప్రతి రెండో బెంచీ మీదా తెలుగు వినపడే ఊరు. అక్కణ్ణుంచి కొలీజియం అరగంట దూరం. నేను మొదటిసారి వెళ్ళింది బేస్‌బాల్ మీద ఇష్టంతో కాదు, టికెట్టు సినిమా కంటే చవక కాబట్టి. ఆట అర్థం కావడానికి ఒక సీజన్ పట్టింది. ఆ తర్వాత వెళ్ళకుండా ఉండలేకపోయాను. 2024 సెప్టెంబర్ 26న ఓక్‌లాండ్ ఏస్ టీమ్ అక్కడ తన చివరి ఆట ఆడేసి ఊరొదిలి వెళ్ళిపోయింది. స్టేడియం పాతబడిపోయింది, బాగుచేయలేం, జనం రావడం లేదు - వెళ్ళిపోవడానికి చెప్పిన కారణాలివి. అప్పట్నుంచీ నా బుర్రలో ఒకటే ప్రశ్న. ఒక కట్టడం ముసలిదవడం అంటే ఏమిటి?

ఎందుకంటే వయసే కారణమైతే లెక్క కుదరడం లేదు. బోస్టన్‌లో ఫెన్వే పార్క్ కట్టింది 1912లో. షికాగోలో రిగ్లీ ఫీల్డ్ 1914లో. వాటిని పాతబడ్డాయని ఎవరూ అనరు, చారిత్రకం అంటారు. రిగ్లీ ఫీల్డ్‌ని 2020లో జాతీయ చారిత్రక చిహ్నంగా ప్రకటించారు కూడా. అంతెందుకు, ఇదే కాలిఫోర్నియాలో, లాస్ ఏంజెలస్‌లో ఉన్న డాడ్జర్ స్టేడియం 1962 నాటిది. అంటే కొలీజియం కంటే నాలుగేళ్ళు పెద్దది. ఇప్పటికీ కిటకిటలాడుతూ ఉంటుంది.

*

కొలీజియం తలుపులు తెరిచింది 1966 సెప్టెంబర్‌లో. మొదట ఆడింది అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ రెయిడర్స్. బేస్‌బాల్ టీమ్ ఏస్, అంటే అథ్లెటిక్స్, 1968లో కాన్సస్ సిటీ నుంచి వచ్చింది. ఒకే గిన్నెలో రెండు ఆటలూ ఆడించడం ఆ రోజుల్లో తెలివైన లెక్క. ఊరికి రెండు స్టేడియంల ఖర్చు తప్పుతుంది. పిట్స్‌బర్గ్, ఫిలడెల్ఫియా, సిన్సినాటీలన్నీ ఆ కాలంలో ఇలాంటి కాంక్రీటు గిన్నెలే కట్టుకున్నాయి. అవన్నీ 2000ల మొదట్లోనే నేలమట్టమయ్యాయి. ఆఖరికి ఈ రెండు ఆటల టీమ్‌లూ కలిసి కాపురమున్న స్టేడియం దేశంలో ఇదొక్కటే మిగిలింది.

మైదానాన్ని నేలలోకి తవ్వి, సముద్రమట్టానికి కూడా దిగువన పెట్టారు. అందుకని బయటినుంచి చూస్తే కొలీజియం అంత ఎత్తుగా కనపడదు. లోపలికి వెళ్ళాక మెట్లు దిగుతూ సీటు దగ్గరకి చేరతాం. అప్పట్లో ఔట్‌ఫీల్డ్ వైపు అంతా తెరిచే ఉండేది. సాయంత్రం ఎండ ఓక్‌లాండ్ కొండల మీద పడుతుంటే అది చూస్తూ ఆట చూసేవాళ్ళట. నేను ఆ కొండల్ని చూడలేదు. ఎందుకు చూడలేదో తర్వాత చెప్తాను.

ఆ గిన్నెలో జరిగినవి తక్కువేం కాదు. 1972, 73, 74 - వరసగా మూడేళ్ళు ఏస్ ప్రపంచ ఛాంపియన్లు. 1989లో మళ్ళీ. పార్కింగ్ లాట్‌లో డాన్స్ చేస్తున్న ఒక కుర్రాణ్ణి అప్పటి ఓనర్ చార్లీ ఫిన్లీ చూసి బ్యాట్లు అందించే పనిలో పెట్టుకున్నాడు. ఆ కుర్రాడే తర్వాత ఎం.సి. హ్యామర్ అయ్యాడు. స్టేడియంలో జనం వరసగా లేచి చేతులెత్తి కూర్చునే ‘వేవ్’ ఉంది చూడండి, మన ఉప్పల్‌లోనూ వేస్తాం కదా, అది 1981 అక్టోబర్‌లో ఇక్కడే పుట్టిందని ఓక్‌లాండ్ వాళ్ళ వాదన. సియాటిల్ వాళ్ళు ఒప్పుకోరనుకోండి. 2002లో ఏస్ వరసగా 20 ఆటలు గెలిచింది. ‘మనీబాల్’ సినిమా చూసినవాళ్ళకి ఇరవయ్యో ఆట గుర్తుండే ఉంటుంది. 11-0తో ముందుండి, 11-11 దాకా తెచ్చుకుని, చివరికి స్కాట్ హ్యాటెబర్గ్ కొట్టిన హోమ్‌రన్‌తో గట్టెక్కింది.

అన్నిటికంటే ముఖ్యం రికీ హెండర్సన్. ఓక్‌లాండ్‌లోనే పెరిగిన పిల్లాడు. బౌలర్ లాంటి పిచ్చర్ బంతి వేస్తుండగానే ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కి పరుగెత్తి చేరిపోవడాన్ని బేస్‌బాల్‌లో దొంగిలించడం అంటారు. 1991 మే 1న ఈ మైదానంలోనే 939వ బేస్ దొంగిలించి, అప్పటిదాకా ఉన్న రికార్డు దాటాడు. ఆ బేస్‌ని నేలలోంచి పీకి రెండు చేతులతో తల మీదికెత్తాడు. మొత్తం 1,406 దగ్గర ఆగాడు. దాని దరిదాపుల్లోకి ఇంకెవరూ రాలేదు. 2017లో మైదానానికి ఆయన పేరే పెట్టారు. టీమ్ వెళ్ళిపోయిన మూడు నెలలకే, 2024 డిసెంబర్‌లో, ఆయనా పోయాడు.

*

ఇప్పుడు కొండల సంగతి. రెయిడర్స్ టీమ్ 1982లో లాస్ ఏంజెలస్ వెళ్ళిపోయింది. 1995లో తిరిగొచ్చింది, కానీ ఊరికే రాలేదు. ఎక్కువ సీట్లు కావాలంది. నగరం, కౌంటీ కలిసి బాండ్ల మీద అప్పు తెచ్చి, ఔట్‌ఫీల్డ్ వైపు తెరిచి ఉన్న చోట ఒక కాంక్రీటు పర్వతం కట్టించి ఇచ్చాయి. రెయిడర్స్ ఓనర్ అల్ డేవిస్ పేరు మీద జనం దానికి ‘మౌంట్ డేవిస్’ అని పేరు పెట్టారు. దాంతో కొండలు కనపడటం మానేశాయి. బేస్‌బాల్‌కి ఆ సీట్లతో పనే లేదు. చివరికి ఏస్ వాళ్ళు పై అంతస్తుల సీట్ల మీద ఆకుపచ్చ టార్పాలిన్లు కప్పేశారు. నేను చూసిన కొలీజియం అదే - సగం ముసుగేసుకున్నది.

1996 సీజన్ మొదలయ్యేటప్పటికి ఆ కట్టుబడి పూర్తికాలేదు. అందుకని ఏస్ తన మొదటి ఆరు ‘సొంతూరి’ ఆటలు ఎక్కడ ఆడిందో తెలుసా? లాస్ వేగస్‌లో. నవలలో ఇలా రాస్తే ఎడిటర్ కొట్టేస్తాడు. ఆ రెయిడర్స్ మళ్ళీ 2020లో లాస్ వేగస్‌కే వెళ్ళిపోయారు. వాళ్ళ కోసం తెచ్చిన అప్పు మాత్రం వాళ్ళు వెళ్ళాక కూడా ఓక్‌లాండ్ కడుతూనే వచ్చింది.

ఏస్ కూడా ఏళ్ళ తరబడి సంబంధాలు వెతుక్కుంటూనే ఉంది. 2006లో మా ఫ్రీమాంట్‌లోనే కొత్త స్టేడియం కడతామన్నారు. 2009లో మానుకున్నారు. తర్వాత శాన్‌హోసే అన్నారు. ఆ ప్రాంతం మాది అని శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ అడ్డుపడితే, కోర్టులు కూడా శాన్‌హోసేకి సాయం చేయలేదు. 2017లో ఓక్‌లాండ్‌లోనే ఒక కాలేజీ పక్కన అన్నారు. ఆ పైన రేవు దగ్గర హోవర్డ్ టెర్మినల్ అన్నారు. 2023 ఏప్రిల్‌లో లాస్ వేగస్‌లో స్థలం చూసుకున్నామన్నారు.

ఈ ఇరవై ఏళ్ళలో కొలీజియానికి ఏమైందో ఊహించుకోవచ్చు. ఎవరు బాగుచేయిస్తారు? టీమ్ అద్దెకున్నది, వెళ్ళిపోయే ఆలోచనలో ఉంది. ఊరేమో పాత అప్పే కడుతోంది. 2013 జూన్‌లో ఆట అయ్యాక డ్రైనేజీ పొంగి ఆటగాళ్ళ గదుల్లోకి వచ్చేసింది. రెండు టీమ్‌లూ కలిసి రెయిడర్స్ గదుల్లో స్నానాలు చేయాల్సొచ్చింది. వదిలేసిన పిల్లులు చేరాయి. 2023లో బయటి ఊరి కామెంటేటర్లు కూర్చునే గదిలో ఒక పాసమ్ కాపురం పెట్టింది. ఎలాగూ వెళ్ళిపోతాం కదా అని బాగుచేయలేదు. బాగాలేదు కాబట్టి వెళ్ళిపోతున్నామన్నారు. ఆ రెండు వాక్యాల మధ్య ఇరవై ఏళ్ళు గడిచాయి. మధ్యలో ఏ ఒక్కరోజునీ పట్టుకుని ‘ఇదీ పాడైపోయిన రోజు’ అని చెప్పలేం.

*

2022లో నాన్న వచ్చినప్పుడు ఒక మంగళవారం రాత్రి ఆటకి తీసుకెళ్ళాను. ఆర్టీసీలో పనిచేసి రిటైరైన మనిషి. 1999లో ఎల్బీ స్టేడియంలో న్యూజిలాండ్ మీద సచిన్, ద్రావిడ్ 331 పరుగులు కలిపి కొట్టిన రోజు స్టాండ్స్‌లో ఉన్నానని ఇప్పటికీ చెప్పుకుంటాడు. కొలీజియంలోకి దిగి చుట్టూ చూశాడు. చుట్టుపక్కల నాలుగు వరసల్లో మేమిద్దరమే.

“ఏరా, ఇంత ఖాళీగా ఉంటే వీళ్ళకి జీతాలెవరిస్తార్రా?”

టీవీ డబ్బులని, మిగతా టీమ్‌ల ఆదాయంలో వాటా అని చెప్పాను. తల ఊపాడు. ఔట్‌ఫీల్డ్ బెంచీల వైపు నుంచి డప్పులు వినిపిస్తున్నాయి. పట్టుమని ఇరవైమంది లేరు, కానీ ప్రతి ఆటకీ వస్తారు, ఓడినా గెలిచినా వాయిస్తారు. నాన్న సగం ఆట వాళ్ళనే చూశాడు. ఏడో ఇన్నింగ్స్‌లో లేచి, వాళ్ళ దగ్గరికెళ్ళి కూర్చుందామన్నాడు. వెళ్ళాం. ఎవరో డప్పు కర్ర చేతికిచ్చారు. ఆర్టీసీ యూనియన్ ఊరేగింపుల్లో వాయించిన చెయ్యి కదా, వాళ్ళ వరసలో రెండు నిమిషాల్లో కలిసిపోయాడు.

రైల్లో తిరిగొస్తూ, ఈ టీమ్ వెళ్ళిపోతుందట అని చెప్తే ఆయనకి అర్థం కాలేదు. “ఉప్పల్‌కి మారినట్టా?” అన్నాడు.

అలా కాదు. మన దగ్గర 2005లో పెద్ద ఆటలు ఎల్బీ స్టేడియం నుంచి ఉప్పల్‌కి మారాయి, హైదరాబాద్ రంజీ టీమ్ మాత్రం హైదరాబాద్‌దే. దాన్ని తీసుకెళ్ళి నాగపూర్‌లో పెడతానంటే ఎవరూ ఊరుకోరు. అమెరికాలో టీమ్ ఒక మనిషి ఆస్తి. ఊరి పేరు టీమ్ చొక్కా మీద ఉంటుంది, పట్టా మాత్రం ఓనర్ జేబులో ఉంటుంది. ఏస్ కూడా 1901లో ఫిలడెల్ఫియాలో పుట్టి, 1955లో కాన్సస్ సిటీకి, అక్కణ్ణుంచి ఓక్‌లాండ్‌కి వచ్చిందే. కాన్సస్ సిటీ వాళ్ళ ఏడుపు మీదే ఓక్‌లాండ్ సంబరం మొదలైంది. మనకీ కొంచెం తెలుసు ఈ సంగతి. 2009లో ఐపీఎల్ కప్పు తెచ్చిన డెక్కన్ ఛార్జర్స్ 2012 తర్వాత లేదు. ఆ జెర్సీలు ఇప్పుడు ఎవరింట్లో తుడుపు గుడ్డలయ్యాయో.

*

జనం రావడం లేదన్న మాటకి ఓక్‌లాండ్ జనం 2023 జూన్ 13న జవాబు చెప్పారు. దేశంలోకెల్లా చెత్తగా ఆడుతున్న టీమ్, ముందు నెలలో మూడువేల మంది కూడా రాని రోజులున్నాయి. అభిమానులు తమలో తాము అనుకుని ‘తిరగేసిన బాయ్‌కాట్’ అని పిలుపిచ్చారు - ఇంట్లో కూర్చోవడం కాదు, అందరూ వద్దాం అని. 27,759 మంది వచ్చారు. ఆకుపచ్చ టీషర్టుల మీద ఒకటే మాట: ‘అమ్మెయ్’. టీమ్‌ని తీసుకెళ్ళకు, ఇక్కడ ఉంచేవాళ్ళకి అమ్మెయ్ అని ఓనర్ జాన్ ఫిషర్‌కి చెప్పడం. నేనూ ఆ టీషర్టు వేసుకుని అరిచాను. విచిత్రంగా టీమ్ ఆ ఆట గెలిచింది కూడా. అదే వారం నెవాడా ప్రభుత్వం లాస్ వేగస్ స్టేడియానికి 38 కోట్ల డాలర్ల వరకూ ప్రజల డబ్బు ఇవ్వడానికి ఒప్పుకుంది. నవంబర్‌లో మిగతా టీమ్‌ల ఓనర్లు ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా వలసకి సరే అన్నారు.

చివరి ఆటకి 46,889 మంది. నాకు పై అంతస్తులో సీటు దొరికింది. టెక్సస్ రేంజర్స్ మీద 3-2తో గెలిచారు. ఆట అయ్యాక మేనేజర్ మార్క్ కాట్సే మైకు పట్టుకుని ధన్యవాదాలు చెప్పి, ‘లెట్స్ గో, ఓక్‌లాండ్’ అని ఆఖరిసారి అందరిచేతా అనిపించాడు. చాలామంది గుప్పెడు మట్టి పట్టుకెళ్ళారు. నా పక్కనున్నాయన కాఫీ కప్పులో తెచ్చుకున్నాడు, మూత గట్టిగా బిగించి, రెండు చేతుల మధ్యా పెట్టుకుని మెట్లెక్కాడు. మనం ఊరినుంచి వచ్చేటప్పుడు ఆవకాయ సీసాని సర్దుకునే జాగ్రత్త అది.

టీమ్ ఇప్పుడు శాక్రమెంటో పక్కన ఒక చిన్న మైదానంలో అద్దెకుంటోంది. 2028కల్లా వేగస్‌లో సొంతిల్లు సిద్ధమవుతుందట. అప్పటిదాకా పేరు ముందు ఏ ఊరూ లేదు. ఉట్టి ‘అథ్లెటిక్స్’. ఇంటిపేరు లేని మనిషిలాగా.

*

వెళ్ళిపోయేవాళ్ళ కథలు మన దగ్గర చాలా ఉన్నాయి. మా తరం మొత్తం ఆ కథే. ఎందుకొచ్చాం, ఏం పోగొట్టుకున్నాం, మళ్ళీ వెళ్తామా - దీని మీద ఎన్ని కవితలు, ఎన్ని వ్యాసాలు చదివుంటాం. ఓక్‌లాండ్‌లో నేను రెండో వైపు చూశాను. ఊరు వెళ్ళలేదు. అది అక్కడే ఉంది. దాన్నే వదిలేశారు.

తెనాలి దగ్గర మా ఊళ్ళో తాతయ్య కట్టిన డాబా ఒకటుంది. నాన్న, బాబాయి మధ్య దాని గురించి ఎడతెగని వాదన. స్లాబు పెచ్చులూడుతోంది, బాగుచేయిద్దాం అంటాడు నాన్న. పిల్లలెవరూ వచ్చి ఉండరు, ఎలాగూ అమ్మేస్తాం, దాని మీద లక్షలెందుకు అంటాడు బాబాయి. లెక్క ప్రకారం బాబాయి మాటే కరెక్టు. నాన్న మాత్రం నాలుగేళ్ళ కిందట పెన్షన్ డబ్బులు పెట్టి స్లాబు వేయించేశాడు. అడిగితే, “అమ్మేదాకా అయినా అది ఇల్లేగా” అన్నాడు. ఆ ఇంటి వరండాలో ఇప్పుడు పక్కింటి పిల్లలకి ఒక టీచరమ్మ సాయంత్రం ట్యూషన్ చెప్తోంది. స్లాబు కారుతుంటే చెప్పేది కాదు.

*

కొలీజియం భవిష్యత్తు ఏమిటన్నది పైకి చూస్తే సులువైన ప్రశ్నే. స్థలంలో సగం ఓక్‌లాండ్ నగరానిది, మిగతా సగం కౌంటీ నుంచి ఏస్ కొనుక్కుంది. నగరం తన సగాన్ని ఆఫ్రికన్ అమెరికన్ స్పోర్ట్స్ అండ్ ఎంటర్‌టైన్‌మెంట్ గ్రూప్ అనే స్థానిక సంస్థకి అమ్మడానికి 2024లో ఒప్పందం చేసుకుంది. ఏస్ కూడా తన సగం వాళ్ళకే ఇస్తానంది. ఇళ్ళు, హోటళ్ళు, వినోదకేంద్రం కట్టాలని వాళ్ళ ఆలోచన. సంతకాలు, గడువులు పదే పదే వాయిదా పడుతూ వచ్చాయి.

ఈ మధ్యలో ఆ గిన్నె ఖాళీగా కూర్చోలేదు. 2025 మార్చిలో ఓక్‌లాండ్ రూట్స్ అనే సాకర్ టీమ్ అక్కడికి మారింది. పెద్ద లీగ్ కూడా కాదు, రెండో శ్రేణి. మొదటి ఆటకి 26,575 మంది వచ్చారు. జనం రారన్న ఊరే అది.

జూన్‌లో క్రికెట్ వచ్చింది. మేజర్ లీగ్ క్రికెట్ మూడో సీజన్ మొదలైంది కొలీజియంలోనే. జూన్ 12న శాన్‌ఫ్రాన్సిస్కో యూనికార్న్స్ తరఫున ఫిన్ అలెన్ 51 బంతుల్లో 151 కొట్టాడు. 19 సిక్సర్లు - టీ20లో ఒక ఇన్నింగ్స్‌కి అది ప్రపంచ రికార్డు. బార్ట్ రైలంతా మనవాళ్ళే. స్టాండ్స్‌లో తెలుగు, హిందీ, తమిళం, ఉర్దూ. నా జీవితంలో మొదటిసారి ఆ కుర్చీల్లో కూర్చుని ఎవరికీ రూల్స్ అడగక్కర్లేకుండా ఆట చూశాను. సంతోషంగా ఉంది, అదే సమయంలో పోయినవాళ్ళ ఇంట్లో పెళ్ళిభోజనం చేస్తున్నట్టూ ఉంది.

మా సెక్షన్ దగ్గర సీట్లు చూపించే పెద్దావిడ ఏస్ టోపీ పెట్టుకుని ఉంది. ముప్పయ్యేళ్ళుగా ఇక్కడే పనిచేస్తోందట. సిక్సర్ అంటే హోమ్‌రన్‌లాంటిదేనా అని అడిగింది. దాదాపు అంతే అన్నాను. ఎన్ని కొట్టాడంటే పందొమ్మిది అని చెప్పాను. నమ్మలేదు, స్కోర్‌బోర్డు చూపించాను.

“ఏ ఊరి టీమ్ ఇది?”

“శాన్‌ఫ్రాన్సిస్కో,” అన్నాను కొంచెం భయపడుతూనే. పక్క భవనంలో ఆడే బాస్కెట్‌బాల్ టీమ్ వారియర్స్ 2019లో వంతెన దాటి అక్కడికే కదా వెళ్ళిపోయింది.

ఆవిడ పెద్దగా నవ్వింది. “అందరూ ఇటునుంచి అటు పోవడమే చూశాను. అటునుంచి ఇటు వచ్చినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా. కూర్చోండి, కూర్చోండి.”

యూనికార్న్స్ కూడా ఒకరి ఆస్తే. రేపు వాళ్ళకి ఇంకెక్కడో సొంత మైదానం దొరికితే వెళ్ళిపోరన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. కొలీజియాన్ని ఏదో ఒక రోజు కూల్చేస్తారనే నా అనుమానం. కూల్చినా నాకు పెద్ద అభ్యంతరం లేదు. మౌంట్ డేవిస్ పోతే కొండలు మళ్ళీ కనపడతాయి, ఆ స్థలంలో ఇళ్ళు కడితే ఎవరో ఒకరికి కప్పు దొరుకుతుంది. నేను అడిగేది ఒకటే. ఆ కూల్చే రోజు దాకా పైపులు బాగుచేయించండి, లైట్లు వెలిగించండి, గేట్లు తీసి ఉంచండి. ఆ తర్వాత అక్కడ ఏం కట్టినా, వెళ్ళిపోవడానికి పెట్టె సర్దుకుని కూర్చున్నవాళ్ళని అడిగి కట్టకండి. డప్పులు వాయించేవాళ్ళని అడగండి. వాళ్ళెక్కడికీ పోలేదు.